ముందు పిలుపు, తర్వాత గంజు

సింగరేణి క్వార్టర్లలో పుట్టినరోజు కబురు కార్డు మీద వచ్చేది కాదు. పొద్దున్నే తలంటు పోసుకుని, కొత్త బట్టలు వేసుకుని గుమ్మంలో నిలబడితే చాలు, లైను మొత్తానికి తెలిసిపోయేది. "సాయంత్రం మా ఇంటికి రా" అని ఒక్కరితో అంటే ఆ మాట చివరి క్వార్టరు దాకా పోయేది. పేరుపెట్టి పిలవని పిల్లలు కూడా తమను పిలిచినట్టే అనుకునేవాళ్ళు. వాళ్ళు అలా అనుకోవడమే సబబని మా అమ్మ నమ్మకం.

1980ల కొత్తగూడెం అది. 1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం క్రమంగా ఇటు విస్తరించి, కొత్తగూడెమే సింగరేణి కంపెనీకి ప్రధాన కేంద్రమయింది. రైలు స్టేషను పేరు మాత్రం భద్రాచలం రోడ్. పని వెతుక్కుంటూ నలుమూలల నుంచి జనం వచ్చారు. మా ఒక్క లైన్లోనే కరీంనగర్ వాళ్ళు, గుంటూరు వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, ఒరిస్సా నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. మగవాళ్ళు షిఫ్టుల వారీగా బాయిలోకి దిగేవారు. సైరన్ మోతతో ఇళ్ళల్లో పొయ్యిలు వెలిగేవి, ఆరేవి. బొగ్గు గనిని అక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. నాన్న బాయికి పోయి వచ్చేదాకా అమ్మ ఒక చెవి రోడ్డు మీదే ఉంచేది.

మా తమ్ముడి పుట్టినరోజు దసరా వెళ్ళాక వచ్చేది. పండగ ఖర్చులకు చేతిలో డబ్బంతా అయిపోయిన రోజులు. బట్టలకీ, ఊరి ప్రయాణానికీ, చుట్టాల మర్యాదలకీ పోగా మిగిలిన దాంతో నెల గడవాలి. అయినా ఆ సాయంత్రం మా ఇంటి ముందు నలభైమంది పిల్లలు కూర్చుని తినేవారు. ఎంతమందిని పిలవాలని ఒకసారి నేను అడిగాను. అమ్మ చేసే పని ఆపకుండానే అంది: "పిల్లగాండ్లను లెక్కవెట్టి పిలువొద్దు బిడ్డా. పిలిచినంక లెక్కవెట్టాలె."

అప్పుడు నాకు అది పెద్దవాళ్ళ మాటల్లో ఒక మాట మాత్రమే. తర్వాత నా సంసారంలో నేను పదిమందికి వండాల్సి వచ్చినప్పుడు ఆ మాటలో ఉన్న లెక్క అర్థమయింది. చేతిలో ఉన్న డబ్బును బట్టి జనాన్ని తగ్గించొచ్చు, వంటను మార్చొచ్చు. అమ్మ ఎప్పుడూ రెండోదే చేసింది. జనం సంఖ్యను ముట్టుకోలేదు. ఆ సంఖ్యకు సరిపోయే వంటకాలు ఏవో వెతికింది.

ఆ వెతుకులాటలో ఆమెకు తెలిసిన సంగతి ఒకటుంది. బజారులో డబ్బు పెట్టి కొనాల్సినవి కొన్ని, కొనకుండా దొరికేవి కొన్ని. మా లైన్లో కొనకుండా దొరికేవి నీళ్ళు, గాలి, నిప్పు, చేతులు. నిప్పు సంగతి బయటివాళ్ళకు తెలియదు. కార్మికుల ఇళ్ళకు వంటబొగ్గు కంపెనీయే ఇచ్చేది. కుంపటి అంటించి, పచ్చి పొగ పోయేదాకా వాకిట్లోనే ఉంచి, బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేవారు. కిరసనాయిలు ఊళ్ళల్లో చుక్క చుక్క లెక్కపెట్టుకునే రోజుల్లో మా ఇళ్ళల్లో గంటలకొద్దీ పొయ్యి మండినా పైసా ఖర్చు లేదు. అందుకే ఎక్కువసేపు మగ్గాల్సిన వంటకు మా అమ్మ వెనకాడేది కాదు. నీళ్ళు తాగి పెరిగే గింజ, గాలితో ఉబ్బే గింజ, మంట మీద నిదానంగా చిక్కబడే పులుసు, ఇవే ఆమె పుట్టినరోజు సరుకులు.

మొదటిది పులిహోర. పిల్లల విందుకు ఇంతకంటే తెలివైన వంటకం ఇప్పటికీ నాకు కనిపించలేదు. కిలో బియ్యం ఉడికితే రెండున్నర, మూడు కిలోల అన్నమవుతుంది. పక్కన కూర అక్కర్లేదు, పప్పు అక్కర్లేదు, పెరుగు అక్కర్లేదు. పొద్దున కలిపినది సాయంత్రానికి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది. వేడిగా వడ్డించాలన్న తొందర లేదు. చింతపండు పులుపు, నూనె ఉంటాయి కాబట్టి ఆ పూటకు పాడవుతుందన్న భయం లేదు. కిలో బియ్యానికి పదిహేనుమంది పిల్లలు. మూడు కిలోలు పోస్తే మా లైనుకు సరిపోయేది.

బియ్యం పాతవి కావాలి. కొత్తబియ్యం ముద్దవుతాయి. అమ్మ రోజూ పోసే ఎసరుకంటే కొంచెం తగ్గించి, పలుకు విరగకముందే వార్చేది. పెద్ద తాంబాళాల్లో అన్నం ఆరబోసి, వేడి తగ్గకముందే పసుపు, ఉప్పు, పచ్చి నూనె, గుప్పెడు కరివేపాకు వేసి పైపైన కలిపేది. నూనె పట్టిన మెతుకు మెతుకుకు అంటుకోదు. ఆకు వేడికి మగ్గి వాసనంతా అన్నానికి ఇచ్చేస్తుంది. ఇంకోపక్క కుంపటి మీద చింతపండు రసం. కిలో బియ్యానికి నూటపాతిక గ్రాముల చింతపండు, చీల్చిన పచ్చిమిరపకాయలు, చిన్న బెల్లం ముక్క. నూనె పైకి తేలేదాకా అది ఉడకాలి. పచ్చివాసన పోని పులుసు పోస్తే పిల్లల పళ్ళు పులుస్తాయి. రెండో ముద్దకే ఆగిపోతారు.

పోపు మాత్రం అమ్మ పెట్టేది కాదు. అది గుంటూరు పిన్ని పని. మా పక్క క్వార్టరు ఆమెది. "అక్కా, పులుసు మీరు చూసుకోండి, తాలింపు నేను పెడతాను" అంటూ వచ్చేది. మా అమ్మ పల్లీలు అంటే ఆమె వేరుశనగ గుళ్ళు అనేది. మా అమ్మ పోపు అంటే ఆమె తాలింపు అనేది. రెండు ప్రాంతాల రుచులూ ఒకే మూకుట్లో కలిసేవి. శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, అల్లం తరుగు. పల్లీలు మాత్రం విడిగా వేయించి కడపట కలిపేది, మెత్తబడకుండా. అంతకంటే ముఖ్యంగా, పల్లీలు కలపకముందే ఒక గిన్నెడు పులిహోర పక్కకు తీసి మూత పెట్టేది. అది నడక వచ్చీరాని పిల్లలకు. పళ్ళు సరిగా రాని బిడ్డ గొంతులో పల్లీగింజ అడ్డం పడితే ఎంత ప్రమాదమో ఆమెకు తెలుసు. ఖర్చు తగ్గించుకుని వండే ఇంట్లోనూ ఇలాంటి జాగ్రత్తలకు లోటుండేది కాదు.

రెండోది రవ్వకేసరి. బూందీ లడ్డు చేయాలంటే నూనె మూకుడు నిండా పోయాలి. మైసూర్‌పాక్‌కి నెయ్యి కావాలి. కేసరిని పెంచేది నీళ్ళే. కిలో రవ్వకు మూడింతల నీళ్ళు, కిలోన్నర చక్కెర. రవ్వ డాల్డాలో దోరగా వేగాలి. మరిగే నీళ్ళల్లో రవ్వ పోసి, ఉండ కట్టకుండా తిప్పి, అది ఉడికి ఉబ్బిన తర్వాతే చక్కెర వేయాలి. ముందే వేస్తే రవ్వ ఉడకడం ఆగిపోతుంది, పలుకు పలుకుగా మిగులుతుంది. చక్కెర కరిగి గంటెను వదిలేదాకా తిప్పితే దాదాపు అయిదు కిలోల తీపి తయారవుతుంది. యాభైమందికి తలా ఒక గంటెడు. చిటికెడు కేసరి రంగు, యాలకుల పొడి. జీడిపప్పు ముక్కలు కొట్లో గుండు జీడిపప్పుకంటే తక్కువకు వచ్చేవి. వాటిని కేసరిలో కలపనిచ్చేది కాదు అమ్మ. వడ్డించేటప్పుడు ఒక్కో దొప్ప మీద ఒక్కో ముక్క పెట్టించేది. కలిపితే కొందరికి నాలుగు వస్తాయి, కొందరికి ఒక్కటీ రాదు. రానివాడు పక్కవాడి దొప్పలోకి చూస్తాడు. ఆ చూపు తన వాకిట్లో కనపడకూడదని ఆమె పట్టుదల.

చక్కెరే కష్టం. రేషన్ కార్డు మీద నెలకు ఇచ్చే చక్కెర టీలకే సరిపోయేది కాదు. బయట కొట్లో ధర ఎక్కువ. అందుకు మా లైన్లో చేబదులు ఉండేది. పుట్టినరోజున్న ఇంటికి నాలుగిళ్ళ వాళ్ళు ఆ నెల తమ కోటాలోంచి గ్లాసెడు గ్లాసెడు ఇచ్చేవారు. వాళ్ళ ఇంట్లో పని వచ్చినప్పుడు మనం ఇవ్వాలి. తీసుకున్నది తలకొట్టి తీసుకుని, ఇచ్చేటప్పుడు గోపురంగా ఇవ్వడం మర్యాద. పామోలిన్ నూనె కూడా అలాగే చేతులు మారేది. కాగితం మీద ఎవరూ రాసుకోలేదు. ఎవరి పిల్లల పుట్టినరోజు ఏ నెలలో వస్తుందో ఆడవాళ్ళందరికీ నోటికి తెలుసు. ఆ జ్ఞాపకమే ఖాతా పుస్తకం. ఒక్కో ఇల్లు ఏడాదికి ఒకటో రెండో విందులు చేసేది. లైను మొత్తం కలిసి ఆ ఖర్చును పన్నెండు నెలల మీదికి పరిచేది. ఒకే నెలలో ఏ ఇల్లూ కుంగిపోకుండా నిలబెట్టిన ఏర్పాటు అది. దానికి వాళ్ళు ఏ పేరూ పెట్టలేదు.

మూడోది మరమరాల మిక్చర్. ఇందులో గాలే పెద్ద సరుకు. కిలో మరమరాలకు పెద్ద బక్కెట్టు నిండిపోతుంది. అంగడిలో వాటిని తూకానికి కాకుండా మానికతో కొలిచి పోసేవాళ్ళు. ఇంటికి తెచ్చాక సన్నని సెగ మీద మూకుట్లో తిప్పితే మెత్తదనం పోయి కరకరలాడేవి. దంచిన వెల్లుల్లి, పసుపు, కారం, కరివేపాకు నూనెలో వేగనిచ్చి, దానిలో పల్లీలు, పుట్నాలు, ఆ మీద మరమరాలు. కిలో మరమరాలకు అరకిలో పల్లీలు, అరకిలో పుట్నాలు పడితే నలభైమందికి తలా రెండు గుప్పిళ్ళు. కరీంనగర్ పెద్దమ్మ ఇంట్లో పండక్కి చేసిన సకినాలు మిగిలి ఉంటే వాటిని తుంచి ఇందులో కలిపేది. సకినం ముక్క దొరికిన పిల్లవాడు చేతిలో ఎత్తి అందరికీ చూపించేవాడు.

తాగడానికి ఆ రోజుల్లో రస్నా వచ్చింది. 5 రూపాయల ప్యాకెట్టుతో 32 గ్లాసులు అని టీవీలో ప్రకటన. మా లైన్లో టీవీ ఉన్న ఇల్లు ఒకటి రెండే అయినా ఆ లెక్క ప్రతి తల్లికీ తెలుసు. ఇంట్లో ఒక చుక్క కూడా వృథా పోనివ్వని ఆడవాళ్ళకు అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కాచి చల్లార్చిన నీళ్ళు ముందురోజు రాత్రే కొత్త కుండలో పోసి ఉంచేవాళ్ళు. ఫ్రిజ్ ఎవరింట్లోనూ లేదు. కుండ చల్లదనమే. చక్కెర మరీ చాలనప్పుడు రస్నా మానేసి పలచని మజ్జిగ ఇచ్చేవాళ్ళు, నిమ్మకాయ పిండి, ఉప్పేసి. పులిహోర తర్వాత కడుపుకు హాయి అదే.

పండు ఆ కాలంలో ఏది చౌకగా దొరికితే అది. దసరా వెళ్ళాక మా ప్రాంతపు అడవుల నుంచి సీతాఫలాలు గంపలకొద్దీ దిగేవి. పండినవి కొనేది కాదు అమ్మ. రెండు మూడు రోజుల ముందు కళ్ళు విచ్చుకున్న కాయలు గంపగుత్తగా బేరమాడి తెచ్చేది. మెత్తబడి పోతాయన్న భయం అమ్మేవాళ్ళకు ఉండదు కాబట్టి కాయ ధర తక్కువ. బియ్యం సంచిలో దాచి, రోజూ పొద్దున ఒక్కొక్కటీ నొక్కి చూసేది. నా పుట్టినరోజు చలికాలంలో, అప్పుడు జామపళ్ళు. ఎండాకాలంలో పుట్టిన పిల్లల ఇళ్ళల్లో మామిడిపండు ముక్కలు. ఏ పిల్లవాడి పుట్టినరోజుకు ఏ పండు అనేది మాకు కంఠస్థం.

విస్తరాకులు అంగడికి వచ్చే కోయ ఆడవాళ్ళ దగ్గర కొనేవాళ్ళం. మోదుగాకులను సన్నని పుల్లలతో కుట్టిన కట్టలవి. దొప్పలు మాత్రం ఇంట్లోనే కుట్టేది అమ్మ, మాతోనూ కుట్టించేది. దొప్ప ఎంత ఉండాలన్నది ఆమె ముందే చూసుకునేది. గంటెడు కేసరి పెడితే అంచుదాకా నిండేటంత. అదే గంటెడును పెద్ద స్టీలు పళ్ళెంలో పెడితే ఒక మూల పడి ఉంటుంది. దొప్ప నిండితే పిల్లల కళ్ళు నిండుతాయి. అడిగినవాడికి మళ్ళీ పెట్టడానికి గిన్నెలో మిగిలి ఉంటుంది. మొదట కొంచెం పెట్టి, మళ్ళీ మళ్ళీ అడిగి పెట్టడం ఆమె పద్ధతి. ఒకేసారి ఎక్కువ వడ్డిస్తే సగం విస్తట్లో మిగిలిపోయేది. అడిగి పెడితే కడుపూ నిండేది, మనసూ నిండేది.

అంత వండడానికి పెద్ద గంజు ఒక్కటే ఉండేది లైను మొత్తానికి. అది ఒకరి సొంతమే, కానీ ఎవరి ఇంట్లో పని ఉంటే అక్కడే. దాని అంచు మీద చెక్కిన పేరు చదివి ఇది ఫలానా వాళ్ళదని తెలుసుకున్నాను గానీ, అది వాళ్ళ ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. జంఖానాలు ఇంకో ఇంటి నుంచి, స్టీలు గ్లాసులు ఇంకో ఇంటి నుంచి. గ్లాసుల అడుగున ఎవరి గుర్తు వాళ్ళు గీసి పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున వాటిని ఏరి, ఇంటింటికీ తిరిగిచ్చే పని పిల్లలది.

కేక్ కూడా వచ్చింది, కాస్త ఆలస్యంగా. మెయిన్ రోడ్డు మీద మలయాళీల బేకరీలో గులాబీ పువ్వులు పెట్టిన అరకిలో కేకు. అరకిలో నలభైమందికి ఎలా సరిపోతుంది? అమ్మ దాన్ని ప్రసాదంలా చూసింది. వేలి గణుపంత ముక్కలు కోసి అందరి చేతుల్లో పెట్టింది. దీపం ఆర్పడం మంచిది కాదని నానమ్మ అంటే, కొవ్వొత్తి లేకుండానే, దేవుడి దగ్గర దీపం వెలిగించి కేకు కోయించింది. తినడానికి కేసరి ఎలాగూ ఉంది.

బడిలో పంచే చాక్లెట్ల దగ్గరా అదే లెక్క. చిత్తూరులో తయారయ్యే న్యూట్రిన్ వాళ్ళ ఆశా చాక్లెట్లు ప్యాకెట్టు కొనేవాళ్ళం. క్లాసులో అందరికీ ఒకటి, సార్లకూ టీచర్లకూ రెండు. ఆ రోజు బడికి రానివాళ్ళ కోసం కొన్ని జేబులో మిగిల్చి ఉంచమనేది.

సాయంత్రం వడ్డన మొదలయ్యేసరికి ఇంటి ముందు రెండు వరసలు. చిన్నపిల్లలు ముందు బంతి, పెద్దపిల్లలు తర్వాత. పుట్టినరోజు పిల్లవాడు ముందు కూర్చోడు. కొత్త చొక్కా మీద తువ్వాలు కట్టుకుని, కేసరి గిన్నె పట్టుకుని వరస పొడుగునా వడ్డించాలి. ఆఖరి బంతిలో తినాలి. "నీ పుట్టినరోజు గదా, నువ్వే పెట్టాలె" అనేది అమ్మ. తమ్ముడు మొదట మూతి ముడిచేవాడు. రెండో వరస మధ్యకు వచ్చేసరికి ఎవరికి ఇంకో గంటెడు కావాలో వాడే గమనించి అడిగేవాడు. ఆ రోజు తనకు ఏమేం వచ్చాయో లెక్కపెట్టుకునే వయసులో, తను ఏం పెట్టాడో గుర్తుండేలా చేసింది ఆ పద్ధతి.

లైను చివర, కంపెనీ కార్మికులు కాని కుటుంబాలు కొన్ని గుడిసెల్లో ఉండేవి. కాంట్రాక్టరు దగ్గర దినకూలి. 1983లో వచ్చిన 2 రూపాయల కిలో బియ్యం వాళ్ళ పొయ్యిని నిలబెట్టింది. ఆ గుడిసెల్లోని ఒక అమ్మాయి ఒకసారి మా వాకిలి దాకా వచ్చి, చేతిలో ఏమీ లేదని లోపలికి రాకుండా కంచె పట్టుకుని నిలబడింది. అందరూ పెన్నులో, కాగితంలో చుట్టిన సబ్బుడబ్బాలో, కవరులో పదకొండు రూపాయలో తెచ్చారు. అమ్మ చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి ఆ అమ్మాయి చేతికి గ్లాసుల బుట్ట ఇచ్చి, "పా బిడ్డా, అందరికీ నీళ్ళు వోద్దువు" అని లోపలికి తీసుకొచ్చింది. ఆ పిల్ల చుట్టాలమ్మాయిలా తిరిగి వడ్డించింది, మాతో పాటు ఆఖరి బంతిలో కూర్చుని తిన్నది. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో ఒక నియమం వచ్చింది. తెచ్చిన కానుకలు గుమ్మం దగ్గరే ఒక బుట్టలో పడాలి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయేదాకా విప్పకూడదు. ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదు అన్నది పిల్లల ముందు తేలకూడదు. పులిహోర అందరికీ సరిపోవడం ఎంత ముఖ్యమో, తింటున్నప్పుడు ఎవరి తలా వంగకపోవడం అంతే ముఖ్యమని అమ్మ అనుకుంది.

రాత్రి షిఫ్టుకు పోయే నాన్న క్యారియర్ ఆ రోజు పెద్దది. నాలుగు గిన్నెలూ పులిహోరే. బాయిలో తినడానికి అంతకంటే అనువైనది లేదు. వేడి చెయ్యనక్కర్లేదు, ఒలకదు, చేతిలో పెట్టి పంచొచ్చు. పొద్దున నాన్న తిరిగొచ్చాక ఎవరెవరు తిన్నారో చెప్పేవాడు. వాళ్ళ పేర్లతో మాకు వాళ్ళ ఆశీస్సులు అందేవి. వాళ్ళల్లో చాలామంది ముఖాలు మేము చూడలేదు.

ఇప్పుడు నేను ఉండే నగరంలో పిల్లల పుట్టినరోజుకు ప్లేటు లెక్క. ఇన్ని ప్లేట్లకు తక్కువైతే హాలు ఇవ్వరు, ఎక్కువైతే ఒక్కో ప్లేటుకు ఇంత. ఈ లెక్కలో ప్రతి పిల్లవాడూ ఒక ఖర్చు అవుతాడు. వాడి చెల్లెలు ఇంకో ఖర్చు. అందుకే క్లాసులో నలభైమంది ఉంటే పదిమందిని ఎంచుతున్నారు తల్లిదండ్రులు. మిగిలిన ముప్ఫైమంది మర్నాడు బడిలో ఫొటోల గురించి వింటారు. ఆ తల్లిదండ్రులు పిసినారులు కారు, ప్రేమ తక్కువైనవాళ్ళూ కారు. ప్లేటు లెక్క వాళ్ళ చేత అలా చేయిస్తోంది. గంజు లెక్క వేరు. గంజులో ఇంకో పిల్లవాడికి కావలసింది రెండు గుప్పిళ్ళ అన్నం. నలభై ఒకటోవాడు వచ్చాడని అమ్మ గుండె జారలేదు. ఆ ధైర్యం ఆమెకు డబ్బు వల్ల రాలేదు, వండిన పద్ధతి వల్ల వచ్చింది.

ఇందులో దాచకూడని నిజం ఒకటి ఉంది. ఆ చౌక వెనక అయిదారుగురు ఆడవాళ్ళ మధ్యాహ్నం మొత్తం ఉంది. పొగలో కళ్ళు నులుముకుంటూ, చంకలో పిల్లతో, పొయ్యి ముందు నిలబడ్డ ఆ గంటలకు ఎవరూ ధర కట్టలేదు. ఇవాళ ఉద్యోగం చేసి ఇంటికి వచ్చిన తల్లిని అదంతా ఒక్కదానివే చెయ్యమనడం అన్యాయం. అప్పుడు కూడా ఒక్కరే చెయ్యలేదు. పని పంచుకోవడమే ఆ విందును నడిపింది. ఇప్పుడు ఆ పంపకంలోకి మగవాళ్ళు కూడా రావాలి. అన్నం ఆరబోయడానికీ, నిమ్మకాయలు పిండడానికీ, కేసరి తిప్పడానికీ బలమైన చేతులే కావాలి. గంజు మోయడానికి మా లైన్లో నాన్నలనే పిలిచేవారు. కేసరి తిప్పడానికీ పిలిచి ఉంటే బాగుండేది.

మొన్న మా అపార్ట్‌మెంటులో ఒక కుటుంబం బిడ్డ పుట్టినరోజు ఎలా చేయాలా అని మథనపడుతుంటే నేను ఈ లెక్కలు రాసుకున్న నా కాగితం తీసి ఇచ్చాను. నలభైమంది పిల్లలు, పైన అయిదారుగురు అనుకోకుండా వచ్చేవాళ్ళు. పులిహోరకు పాతబియ్యం 3 కిలోలు, చింతపండు 375 గ్రాములు, పల్లీలు ముప్పావు కిలో, నూనె అరలీటరు. కేసరికి రవ్వ 1 కిలో, చక్కెర కిలోన్నర. మిక్చర్‌కు మరమరాలు 1 కిలో, పల్లీలు, పుట్నాలు అరకిలో చొప్పున. తాగడానికి ఏడున్నర లీటర్ల నిమ్మరసం. అందుకు పాతిక నిమ్మకాయలు, ముప్పావు కిలో చక్కెర. ఆ వారం మార్కెట్లో ఏ పండు కుప్పలుగా ఉంటే ఆ పండు. చిన్నపిల్లలకు పల్లీలు లేని గిన్నె వేరు. పల్లీలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని తల్లిదండ్రులను ముందే అడగడం ఈ కాలంలో తప్పనిసరి, ఉంటే మొత్తం వంటలోంచే వాటిని తీసేయడం మంచిది. పులిహోర ఒక ఇంట్లో, కేసరి ఒక ఇంట్లో, మిక్చర్ ఒక ఇంట్లో. విందు మేడ మీద. బిడ్డ చేతికి వడ్డించే గిన్నె.

వాళ్ళు కాగితం చదివి, ఎంతమందిని పిలవమంటారు అని అడిగారు. క్లాసు మొత్తాన్ని పిలవమన్నాను. వాచ్‌మన్ పిల్లలను, పనికి వచ్చే అమ్మ పిల్లలను వాళ్ళతో పాటే ఒకే వరసలో కూర్చోబెట్టమన్నాను. పిలవడం అయ్యాక అప్పుడు బియ్యం కొలవమన్నాను.